డబ్లిన్‌లో చదివే మా తమ్ముడు బెల్‌ఫాస్ట్ వెళ్లాలంటే వీసా కావాలా? ఇంతకీ ఐర్లండ్ యూకేలో ఉన్నట్టా, లేనట్టా?

ముందు మీ తమ్ముడి సంగతి. ఐర్లండ్ నివాస కార్డు ఉన్నా సరే, భారతీయ పాస్‌పోర్టుతో బెల్‌ఫాస్ట్ వెళ్లాలంటే యూకే సందర్శక వీసా విడిగా తీసుకోవాలి. రెండూ ఒకే దీవిలో ఉన్నాయి, బస్సులో రెండు రెండున్నర గంటల దారి. అయినా డబ్లిన్ ఐర్లండ్ దేశంలో ఉంది, బెల్‌ఫాస్ట్ యూకేలో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లో ఉంది.

నేను డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా బంధువులు ఇప్పటికీ ఫోను చేసి "లండన్‌లో చలి ఎలా ఉంది?" అని అడుగుతుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇక్కడి పేర్లలో కొన్ని దీవులవి, కొన్ని దేశాలవి. ఐర్లండ్ అనే పేరు మాత్రం రెండింటిదీ.

గ్రేట్ బ్రిటన్ అంటే పెద్ద దీవి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ దాని మీదే ఉన్నాయి. పక్కనున్న చిన్న దీవి ఐర్లండ్. 1801 నుంచి ఈ దీవి మొత్తం యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగంగా ఉండేది. 1921లో దీన్ని విభజించారు. మరుసటి ఏడాది 32 కౌంటీలలో 26 విడిపోయి సొంత ప్రభుత్వం ఏర్పరచుకున్నాయి. మిగిలిన ఆరూ ఉత్తర ఐర్లండ్ పేరుతో యూకేలోనే ఉండిపోయాయి. యూకే పూర్తి పేరులో గ్రేట్ బ్రిటన్ పక్కన ఉత్తర ఐర్లండ్ కూడా ఉండేది అందుకే.

విడిపోయిన దేశం 1937 నాటి రాజ్యాంగంలో తన పేరు ఐర్లండ్ అనే రాసుకుంది. రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్ అన్నది 1949లో అమలుకు వచ్చిన చట్టం చేర్చిన వివరణే, అసలు పేరు కాదు. దక్షిణ ఐర్లండ్ అని మాత్రం అనకండి. దీవికి ఉత్తరపు కొస మాలిన్ హెడ్. అది ఉన్న డోనెగల్ కౌంటీ ఈ "దక్షిణ" దేశానిదే!

"బ్రిటిష్ దీవులు" అనే మాటతో కూడా జాగ్రత్త. మన భూగోళం పాఠాల్లో ఈ దీవులన్నిటికీ కలిపి అది మామూలు మాటే. ఇక్కడ మాత్రం ఐరిష్ ప్రభుత్వం దాన్ని వాడదు. కార్క్ నుంచి వచ్చిన మా సహోద్యోగి ముందు ఆ మాట అంటే, ఆ పూటకు టీ కబుర్లు ముగిసినట్టే. మా ఆఫీసులోనే ఉన్న బెల్‌ఫాస్ట్ అమ్మాయికి రెండు దేశాల పాస్‌పోర్టులూ ఉన్నాయి. ఉత్తర ఐర్లండ్ వాళ్లు బ్రిటిష్, ఐరిష్, లేదా రెండూ అనిపించుకోవచ్చని 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం గుర్తించింది.

క్రికెట్ చూసి దేశాలు గుర్తుపడదామనుకుంటే ఇంకా చిక్కు. ఐర్లండ్ క్రికెట్ జట్టు దీవి మొత్తానిది, ఫుట్‌బాల్‌లో మాత్రం రెండు జట్లు. 2011 ప్రపంచ కప్‌లో బెంగళూరులో కెవిన్ ఓబ్రయన్ 50 బంతుల్లో సెంచరీ కొట్టి ఇంగ్లండ్‌ను మట్టి కరిపించాడు కదా, అది ఈ ఉమ్మడి జట్టే. 2019లో ఇంగ్లండ్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్ ఓయిన్ మోర్గాన్ పుట్టింది డబ్లిన్‌లో!

మళ్లీ సరిహద్దు దగ్గరకు వద్దాం, మనవాళ్లు ఇబ్బందుల్లో పడేది అక్కడే. గేటు ఉండదు, సిపాయి ఉండడు. వేగ పరిమితి బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లలోకి మారతాయి, దుకాణంలో యూరోకు బదులు పౌండ్లు అడుగుతారు, అంతే. ఎవరూ ఆపడం లేదు కాబట్టి వెళ్లవచ్చు అనుకోకూడదు. వీసా లేకుండా అటూ ఇటూ తిరిగే హక్కు బ్రిటిష్, ఐరిష్ పౌరులది. అప్పుడప్పుడు బస్సులు ఆపి పత్రాలు చూస్తారు కూడా. ఒక్క రోజు సరదా కోసం, ముందు ముందు పెట్టుకోబోయే వీసా దరఖాస్తులను చిక్కుల్లో పెట్టుకోవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి.

మీ అమ్మానాన్నలు చూడటానికి వస్తే మాత్రం వెసులుబాటు ఉంది. భారతీయులకిచ్చే స్వల్పకాలిక సందర్శక వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అని ముద్రించి ఉంటే, అదే వీసాతో రెండు దేశాలూ చూడవచ్చు. కాకపోతే వీసా ఇచ్చిన దేశంలో ముందు దిగాలి. విద్యార్థులకు ఇది వర్తించదు. ఇక పారిస్ కూడా చూపిద్దామనుకుంటే ఈ రెండు దేశాల వీసాలూ పనికిరావు. ఐర్లండ్ ఐరోపా సమాఖ్యలో ఉంది కానీ ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో లేదు, దానికి మరో వీసా తీసుకోవలసిందే.