పాత డక్‌టేల్స్ గేమ్ ఇప్పుడు ఆడినా బాగుంటుందా?

చిన్నప్పుడు ఆడిన డక్‌టేల్స్‌ను ఇన్నేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెడితే అప్పటి సరదా ఏమైనా మిగులుతుందా, ఆడేటట్లయితే 1989 నాటి అసలు గేమ్ ఆడాలా, 2013లో కొత్త బొమ్మలతో తిరిగి చేసిన రీమాస్టర్డ్ ఆడాలా అని మీరు అడిగారు. ఈమధ్యే రెండింటినీ వెంటవెంటనే పూర్తి చేశాను కాబట్టి నా అనుభవం చెబుతాను. నా మాట వింటే అసలుదే ఆడండి, కాకపోతే అందులో ఇప్పుడు జతచేసి ఇస్తున్న రీవైండ్ (ఆటను వెనక్కి జరిపే) సదుపాయాన్ని మాత్రం ముట్టుకోకండి. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

1987లో మొదలైన డిస్నీ కార్టూన్ ఆధారంగా క్యాప్‌కామ్ సంస్థ నింటెండో వారి ఎన్ఈఎస్ అనే గేమ్ యంత్రం కోసం తయారుచేసిన గేమ్ ఇది. పిల్లల కార్టూన్ పేరుమీద వచ్చిన గేములు చాలావరకు బొమ్మను అడ్డుపెట్టుకుని అమ్ముడుపోయే సరుకే. ఇది అలాంటిది కాకపోవడానికి కారణం కథానాయకుడైన ముసలి కోటీశ్వరుడి బాతు అంకుల్ స్క్రూజ్ చేతికర్ర. గాలిలోకి ఎగిరి, కిందికి వచ్చేలోగా డౌన్ బటన్‌ను, బి బటన్‌ను కలిపి నొక్కిపట్టుకుంటే ఆయన ఆ కర్ర మీద నిలబడి గెంతడం మొదలుపెడతాడు. శత్రువు తల మీద పడితే శత్రువు పోతాడు, ఆ ఊపుతో ఈయన ఇంకా పైకి లేస్తాడు. ముళ్ల మీద పడినా కర్రే తగులుతుంది గనుక కాళ్లకు ఏమీ కాదు. దాడి, గెంతు, రక్షణ మూడూ ఒక్క కదలికలోనే ఇమిడిపోవడం వల్ల ఐదు నిమిషాలు ఆడేసరికి మామూలుగా నడవడం మనమే మానేస్తాం. ఆ అలవాటు బాగా ముదిరాక హిమాలయాల స్టేజి వస్తే, అక్కడి మెత్తటి మంచులో గెంతగానే స్క్రూజ్ కూరుకుపోయి గిలగిల్లాడతాడు. చిన్నప్పుడు అది చూసి మా అన్నయ్యా నేనూ పడీపడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు చూస్తే, ఆటగాడికి ఒక అలవాటు చేసి, సరిగ్గా అదే అలవాటు మీద దెబ్బకొట్టిన ఆ తెలివి ముచ్చటగా అనిపించింది.

మళ్లీ ఆడినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది గేమ్ నిడివి. నా జ్ఞాపకంలో అదొక మహాసముద్రం. నిజానికి ఉన్నవి అమెజాన్, ట్రాన్సిల్వేనియా, ఆఫ్రికా గనులు, హిమాలయాలు, చంద్రుడు అని ఐదే స్టేజీలు. దారి తెలిసినవారికి మొత్తం కలిపి గంట కూడా పట్టదు. మరి అప్పుడు నెలల తరబడి ఎందుకు పట్టిందంటే, అందులో సేవ్ లేదు, పాస్‌వర్డ్ లేదు, కంటిన్యూ లేదు. లైఫులన్నీ అయిపోతే నాలుగు స్టేజీలు గెలిచి ఉన్నా సరే, కూడబెట్టిన సొమ్ముతో సహా అంతా పోయి టైటిల్ తెర ముందు కూర్చోవాల్సిందే. మా అన్నయ్య ఒక లైఫ్, నేనొక లైఫ్ అని వంతులు వేసుకునేవాళ్లం, ఆఖరి లైఫ్ ఎవరి చేతిలో పోయిందన్న గొడవ మరుసటి రోజు వరకూ నడిచేది.

ఇక రీవైండ్ సంగతి. 2017లో వచ్చిన డిస్నీ ఆఫ్టర్‌నూన్ కలెక్షన్‌లో ఈ గేమ్, దీని రెండో భాగం, అదే కాలపు మరో నాలుగు గేములు ఉన్నాయి. నేను ఆడింది దాన్నే. అందులో ఒక బటన్ నొక్కిపట్టుకుంటే ఆట వెనక్కి జరుగుతుంది. మొదట్లో హాయిగానే ఉండింది. కానీ ఈ గేమ్ అంతా అత్యాశ మీద నడుస్తుంది. ఖాళీగా కనిపించే చోట స్క్రూజ్ ఎగిరితే గాలిలో వజ్రం ప్రత్యక్షమవుతుంది, గోడలా కనిపించే చోట లోపలికి దూరితే పెట్టెలు ఉంటాయి, మంచి ముగింపు చూడాలంటే కోటి డాలర్లు పోగుచేయాలి, దాచిన రెండు నిధులూ వెతికిపట్టాలి. ఒక్క ప్రాణం మిగిలి ఉండగా గోతికి అవతల వజ్రం మెరుస్తుంటే, పోదామా వద్దా అని బొటనవేలు తడబడే ఆ ఒక్క క్షణం కోసమే ఈ గేమ్ కట్టారు. రీవైండ్ ఉంటే ఆ తడబాటు ఉండదు. పడిపోతాను, వెనక్కి జరుపుతాను, మళ్లీ దూకుతాను. ట్రాన్సిల్వేనియా సగం ఇలాగే లాగించాక, నేను లెక్కలు రాసుకునే గుమాస్తాలా వజ్రాలు ఏరుకుంటున్నానని తోచింది, ఆపేసి మళ్లీ మొదటినుంచి రీవైండ్ లేకుండా మొదలుపెట్టాను. పని ఒత్తిడితో ఒకేసారి కూర్చునే తీరిక లేకపోతే ఈ కలెక్షన్‌లో ఉన్న సేవ్‌ను వాడి స్టేజి మొదట్లో ఒకసారి సేవ్ చేసుకోవడం వరకు తప్పులేదని నా అభిప్రాయం. అదీ నేను చేశాను, దాచడమెందుకు.

రీమాస్టర్డ్‌ను వేఫార్వర్డ్ సంస్థ ప్రేమగానే చేసింది. చేత్తో గీసిన బొమ్మలు కార్టూన్‌లోంచి నేరుగా దిగివచ్చినట్లుంటాయి, స్క్రూజ్‌కు కార్టూన్‌లో గొంతు ఇచ్చిన అలన్ యంగ్ చేతనే ఇందులోనూ మాట్లాడించారు. చంద్రుడి స్టేజి పాటను కొత్త వాయిద్యాలతో విన్నప్పుడు కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు ఊరికే విన్నాను. ఇబ్బందల్లా వేగంతోనే. రెండు గెంతులు గెంతేలోగా ఎవరో ఒకరు వచ్చి సంభాషణ మొదలుపెడతారు. దాటవేయవచ్చు గానీ, దాటవేయడానికి కూడా ఆట ఆగాలి కదా. పైగా పాతదానిలో నచ్చిన దారిలో పోయి బాస్‌ను (స్టేజి చివర ఉండే పెద్ద శత్రువును) కలిసే స్వేచ్ఛ ఉంటే, ఇందులో ఫలానా వస్తువులన్నీ పోగుచేస్తే తప్ప ముందుకు పోనివ్వని నిబంధనలు చేర్చారు. కార్టూన్ మీద మమకారం ఉన్నవారికి ఇది మంచి కానుక, గేమ్ మీద మమకారం ఉంటే మాత్రం పాతదే.

మొదలుపెట్టేముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. స్టేజీలను ఏ వరసలోనైనా ఎంచుకోవచ్చని ఉన్నా, ఆఫ్రికా గనుల తాళంచెవి ట్రాన్సిల్వేనియాలో ఉంటుంది కాబట్టి ముందు అక్కడికే వెళ్లండి. ఐదూ పూర్తయ్యాక గేమ్ మిమ్మల్ని మళ్లీ ట్రాన్సిల్వేనియా కోటకే పంపుతుంది. అక్కడ చివరి శత్రువైన డ్రాకులా బాతును ఓడించగానే కంట్రోలర్ కింద పెట్టేయకండి, ప్రత్యర్థి గ్లోమ్‌గోల్డ్ కంటే ముందుగా తాడెక్కి పైనున్న నిధిని అందుకోవాలి. గెలిచానన్న ఆనందంలో నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, ఆయన నా ముందే చకచకా పైకి పోతుంటే చూస్తూ ఉండిపోయాను.