షిహొరో రైలు మార్గం డ్యాము వల్లే మూతపడిందా?

జపాన్‌ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో, జలాశయంలో మునిగి తేలే పాత రైలు వంతెన ఫోటో పెట్టి, డ్యాము కట్టడం వల్లే ఆ మార్గం మూతపడిందా అని అడిగారు. కాదండీ. అక్కడి ఒబిహిరో నగరంలో రెండేళ్లు చదువుకున్నాను, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

అది షిహొరో లైను. ఒబిహిరో నుంచి ఉత్తరాన కొండల్లోని తొకాచి మిత్సుమాత దాకా 78 కిలోమీటర్లు. 1925లో మొదలై, విడతలు విడతలుగా పైకి పాకుతూ 1939లో చివరి స్టేషను చేరింది. కింద మైదానంలో పంటలు, పైన అడవిలో కలప, వీటి మీదే దాని బతుకు. మీ ఫోటోలోని తౌషుబెత్సు వంతెన 1937 నాటిది. పొడవు 130 మీటర్లు, 11 కమానులు. అంత దూరం ఉక్కు మోసుకెళ్లే కంటే అక్కడి ఇసుక, కంకరతోనే కట్టుకోవడం చవక అనుకున్నారు.

1955లో నుకబిరా డ్యాము వచ్చింది. రైలు మార్గాన్ని అవతలి గట్టుకు మార్చి, పట్టాలు పీకేసి, వంతెనను నీళ్లకు వదిలేశారు. రైళ్లు మాత్రం ఆగలేదు. పైగా అంతకు ముందు ఏడాది తుపానుకు అడవి నేలకూలడంతో ఆ కలపంతా దించే పని పడి, మిత్సుమాతలో జనం వెయ్యి దాటారు. తర్వాత కలప తగ్గింది, లారీలు వచ్చాయి, ఊరు ఖాళీ అయింది. 1978 డిసెంబరులో నుకబిరాకు పైన రైలు ఆపేసి బస్సు వేశారు. విచిత్రం ఏమిటంటే, కాగితాల మీద మాత్రం ఆ లైను అప్పటికింకా ఉన్నట్టే లెక్క! మొత్తం మార్గాన్ని 1987 మార్చి 23న రద్దు చేశారు. ఇంకో తొమ్మిది రోజులకు జాతీయ రైల్వేనే ముక్కలు చేసి ప్రైవేటు కంపెనీలుగా మార్చారు.

నేను ఫిబ్రవరిలో, గడ్డకట్టిన జలాశయం మీద నడుస్తూ వంతెన దగ్గరికి వెళ్లాను. చలికాలంలో కరెంటు కోసం నీళ్లు వదులుతూ ఉంటే మంచు పలక కిందికి దిగి, అడుగున ఉన్న చెట్ల మొద్దులు దాన్ని పొడుచుకుని మంచు టోపీలతో బయటికి వస్తాయి. అక్కడివాళ్లు వాటిని పుట్టగొడుగు మంచు అంటారు. ఒక మొద్దు మీద చెయ్యి పెట్టి చూశాను, రంపం కోత ఇంకా చదునుగానే ఉంది. వంతెన మాత్రం పైపొర రాలిపోయి, లోపలి గుండ్రటి రాళ్లు కనిపిస్తూ, విరిచిన వేరుశనగ చిక్కీలా ఉంది. ఏటా నానడం, గడ్డకట్టడం, ఏ కాంక్రీటు తట్టుకుంటుంది?

వెళ్లాలనుకుంటే పాత నుకబిరా స్టేషను స్థలంలో చిన్న రైల్వే మ్యూజియం కూడా ఉంది. చలికాలంలో తెరవరు. అది తెలుసుకోకుండా వెళ్లి, తాళం చూసి వచ్చాను.