మూత్రపరీక్షతో క్యాన్సర్ తెలుస్తుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మా నాన్నగారికి 47వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. మూత్రంలో ‘మార్పు చెందిన న్యూక్లియోసైడ్లు’ కొలిస్తే క్యాన్సర్‌ను ముందే పట్టవచ్చని ఒక వ్యాసంలో చదివాను. సూదిపోటు కూడా లేని పరీక్ష కదా, చేయించుకోనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, న్యూక్లియోసైడ్లంటే కణంలోని ఆర్‌ఎన్‌ఏ అనే పొడవాటి అణువును కట్టే ఇటుకలు. వాటిలో మార్పు చెందినవాటిని కొలుస్తూ ప్రయోగశాలలో కొన్నేళ్లు గడిపినదాన్ని. మీరు చదివినదానికి ఆధారం ఉంది. అయినా ఆ పరీక్షను నమ్ముకోవద్దనే చెబుతాను.

ప్రోటీన్ల తయారీకి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే ఒక రకం ఆర్‌ఎన్‌ఏ అయిన టీఆర్‌ఎన్‌ఏ మీద ఎంజైములు అక్కడక్కడ నగిషీ చెక్కుతాయి. ఒకచోట మిథైల్ అనే చిన్న గుంపును తగిలిస్తాయి, ఇంకొకచోట యూరిడిన్ అనే న్యూక్లియోసైడ్‌ను తిప్పి అతికించి సూడోయూరిడిన్ చేస్తాయి. టీఆర్‌ఎన్‌ఏ విరిగాక మామూలు న్యూక్లియోసైడ్లను కణం మళ్లీ వాడుకుంటుంది, పాత ఇల్లు పడగొట్టి మంచి ఇటుకలు ఏరుకున్నట్టు. నగిషీ ఉన్నవి కొత్త గోడలో ఇమడవు. సూడోయూరిడిన్‌ను తిరిగి వాడుకునే ఎంజైము కొన్ని బ్యాక్టీరియాలకు ఉంది, మనిషికి లేదు. అందుకే అది ఉన్నదున్నట్టు మూత్రంలోకి వచ్చేస్తుంది. చాలా క్యాన్సర్లలో ఆర్‌ఎన్‌ఏ తయారీ, విరగడం రెండూ జోరందుకుంటాయి కనుక ఇవి పెరుగుతాయని 1970లలోనే గమనించారు.

కొలిచే పద్ధతి ముచ్చటైనది. మూత్రాన్ని కాస్త క్షారంగా మార్చి బోరోనేట్ జెల్ మీద పోస్తాం. న్యూక్లియోసైడ్‌లో ఉండే రైబోజ్ చక్కెరలో పక్కపక్కనే ఉన్న రెండు హైడ్రాక్సిల్ గుంపులను జెల్ పట్టుకుంటుంది, తక్కినది చాలావరకు కారిపోతుంది. ఆమ్లం పోయగానే పట్టు వదులుతుంది. దాన్ని పదార్థాలను విడదీసే క్రొమటోగ్రఫీ యంత్రంలోకి పంపితే, అది గీసే గ్రాఫు మీద సూడోయూరిడిన్ శిఖరం ముందువరుసలోనే నిటారుగా లేస్తుంది. మూత్రం చిక్కదనం పూటపూటకూ మారుతుంది కాబట్టి ఆ అంకెను, కండరాల నుంచి దాదాపు నిలకడగా మూత్రంలోకి వచ్చే క్రియాటినిన్‌తో భాగిస్తాం.

ఒకసారి ఆ శిఖరం మామూలుకు దాదాపు రెట్టింపు వచ్చింది. సీసా మీది అంకె చూస్తే అది రోగిది కాదు, పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతుడిది. నాకు గుండె జారింది. కనుక్కుంటే ఆ వారమంతా ఆయన తీవ్రజ్వరంతో పడి ఉన్నారట. నెల తర్వాత మళ్లీ కొలిస్తే మామూలే. ఆ నెల రోజులూ ఆయనకు ఏమని చెప్పాలో తెలియక నేను పడ్డ బాధ మీరు పడకూడదు.

ఇన్‌ఫెక్షన్‌లోనూ వాపులోనూ ఇవి పెరుగుతాయి. పెరిగినా జబ్బు ఏ అవయవంలో ఉందో చెప్పవు. అంతకన్నా ప్రమాదం, చిన్న గడ్డ ఉన్నప్పుడు అంకె మామూలుగానే ఉండవచ్చు. మీరు నిశ్చింతగా కూర్చుంటారు. చికిత్సలో ఉన్న ఒకే మనిషిలో హెచ్చుతగ్గులను గమనించడానికి ఇవి పనికొస్తాయేమోనని పరిశోధన సాగుతోంది, అందులో నాకు ఆశ ఉంది.

మీకు కావలసింది కొలనోస్కోపీ, అంటే సన్నని కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ క్యాన్సర్ వస్తే పిల్లలు 40వ ఏట, లేదా ఆ జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టాలి. మీ లెక్క 37కు వస్తుంది. మలంలో రక్తం కనిపిస్తే అప్పటిదాకా కూడా ఆగకండి. వెళ్లేటప్పుడు నాన్నగారి బయాప్సీ రిపోర్టు తీసుకువెళ్లండి, వంశపారంపర్య రకమేమో డాక్టరు అడుగుతారు. తోబుట్టువులుంటే వాళ్లకూ ఈ మాట చెప్పండి.