మిగిలిన 22 కూపన్లు

ప్రశ్న: మా కుటుంబం ఐదుగురం ఒక థీమ్ పార్కులో జరిగిన ఫుడ్ ఫెస్టివల్‌కి వెళ్లాం. ఎంట్రీ టికెట్ కాక ఇంకో ప్యాకేజీకి అదనంగా డబ్బు కట్టాం. మనిషికి ఆరు టేస్టింగ్ కూపన్లు, ప్రత్యేక లైను, వేచి ఉండే పనే లేదు అని ప్రకటనలో చెప్పారు. సాయంత్రం 4 గంటలకు వెళ్తే కాలు పెట్టే సందు లేదు. ప్రత్యేక లైను అనేది ఎక్కడా లేదు, అందరికీ ఒకటే లైను. ఒక్కో స్టాల్ దగ్గర గంటకు పైగా నిలబడ్డాం. 68 ఏళ్ల మా అమ్మ మోకాళ్ల నొప్పితో నేల మీదే కూలబడింది. పిల్లలు ఆకలికి ఏడ్చారు. సిబ్బందిని అడిగితే ‘ఫెస్టివల్ అంటే ఇంతే సార్’ అని నవ్వారు. 9 గంటలకు స్టాళ్లు మూసేశారు. డబ్బు వెనక్కి అడిగితే టికెట్ మీద ‘నాన్ రిఫండబుల్’ అని ఉందన్నారు. ఇప్పటికి 14 మెయిల్స్ పెట్టాను. ‘పరిశీలిస్తున్నాం’ అని తప్ప జవాబు లేదు. ఇదంతా జరిగి 23 నెలలైంది. మానసిక వేదనకు పది లక్షలు అడగాలనుకుంటున్నాను. మా బావమరిదేమో ‘కోర్టులెందుకు బావా, ఆ కార్డు పేమెంట్ నేను చేయలేదని బ్యాంకుకి చెప్పు, డబ్బు అదే వస్తుంది’ అంటున్నాడు. ఏం చేయమంటారు? అన్నట్టు, వాడని కూపన్లు 22 ఇంకా నా బీరువాలో ఉన్నాయి.

– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం చాలా పొడవైనది. పైన కుదించి ఇచ్చాం. అమ్మగారి మోకాళ్ల గురించి ఒక పేజీ రాశారు, సిబ్బంది నవ్వు గురించి అర పేజీ రాశారు. చివర్లో ‘అన్నట్టు’ అంటూ ఒక్క వాక్యం రాశారు. మీ కేసు మొత్తం ఆ వాక్యంలోనే ఉంది.

ముందు ఒక మాట. లైను పొడవుగా ఉండటం, జనం ఎక్కువ రావడం వాటంతట అవే సేవాలోపం కావు. ఫుడ్ ఫెస్టివల్‌కి జనం వస్తారు, రావాలనే పెడతారు. ‘మూడు గంటలు నిలబడ్డాం, నరకం చూశాం’ అని మాత్రమే వినియోగదారుల కమిషన్ ముందు చెబితే, అవతలి లాయరు లేచి ‘అందరూ నిలబడ్డారు’ అంటాడు. అక్కడితో సగం కేసు పోతుంది.

మీరు అడగాల్సింది వేరు. మీ దగ్గర ఎంట్రీ టికెట్‌కి పైన అదనంగా డబ్బు తీసుకున్నారు. దానికి బదులు రెండు ఇస్తామన్నారు: ఆరేసి రుచులు, ప్రత్యేక లైను. ఐదుగురికి 30 కూపన్లు. వాటిలో 22 వాడకుండానే మిగిలాయంటే మీకు అందినవి 8. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(11) సేవాలోపాన్ని నిర్వచిస్తుంది. ఒప్పుకున్న నాణ్యతలో, తీరులో వచ్చిన లోటే కాదు, వినియోగదారుడికి చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఈ రెండో భాగం మీకు బాగా పనికొస్తుంది. ఎందుకో చెబుతాను.

ఒక స్టాల్ నిమిషానికి ఇద్దరికి వడ్డించగలదు అనుకుందాం. గంటకు 120 మంది, సాయంత్రం 4 నుంచి 9 వరకు 600 మంది. అలాంటివి పది స్టాళ్లుంటే, ఎంత పరిగెత్తి వడ్డించినా ఆ సాయంత్రం 6,000 వడ్డనలకు మించవు. మనిషికి ఆరు కూపన్లు చొప్పున వెయ్యి మందికి అమ్మితే అక్కడికి సరిపోయింది. రెండు వేల మందికి అమ్మితే సగం కూపన్లు చెత్తబుట్టలోకి పోతాయని అమ్మేవాడికి అమ్మే రోజే తెలుసు. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవే, అసలు లెక్క పార్కు దగ్గర ఉంటుంది. ఎన్ని ప్యాకేజీలు అమ్మారు, ఎన్ని స్టాళ్లు తెరిచారు, ఎన్ని కూపన్లు స్టాళ్ల దగ్గర తిరిగి జమయ్యాయి అనే మూడు అంకెలు బయటికి వస్తే అమ్మగారి మోకాళ్ల గురించి ఎవరూ వాదించనక్కర్లేదు. పత్రాలు దాఖలు చేయమని ఎదుటి పక్షాన్ని ఆదేశించే అధికారం సెక్షన్ 38(9) కింద జిల్లా కమిషన్‌కి ఉంది. ఫిర్యాదుతో పాటే, ఆ రోజు లెక్కలు తెప్పించమని విడిగా ఒక దరఖాస్తు వేయండి. వాళ్లు ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదన్నది కూడా మీకు అనుకూలంగా వాదించవచ్చు.

ఇక కోప్పడాల్సిన విషయానికి వస్తాను. 23 నెలలు ఏం చేస్తున్నారు మీరు? సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఇక్కడ కారణం పుట్టింది స్టాళ్లు మూసేసిన ఆ రాత్రి. ‘పరిశీలిస్తున్నాం’ అన్న మెయిల్ వచ్చినప్పుడల్లా గడువు మళ్లీ మొదటికొస్తుందని చాలామంది నమ్ముతారు, మీరూ నమ్మినట్టున్నారు. అలా రాదు. మీరు పెట్టిన 14 మెయిల్స్, రేపు పంపబోయే లీగల్ నోటీసు, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చేసే ఫిర్యాదు, ఇవేవీ గడియారాన్ని ఆపవు. గడువు దాటాక కూడా తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చని అదే సెక్షన్ చెబుతుంది. కానీ ‘వాళ్ల జవాబు కోసం ఎదురుచూశాను’ అనేదాన్ని తగిన కారణంగా ఒప్పించడం కష్టం. గడువు దాటిందని ఎదుటివాళ్లు ఎత్తకపోయినా కమిషన్ తనంతట తానే చూడాలని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. కాబట్టి వాళ్లు గమనించరులే అన్న ఆశ పెట్టుకోకండి. మీకు మిగిలింది నెల రోజులు. కాగితాలు సర్దుకోవడానికి వారం తీసుకోండి, రెండో వారంలో ఫిర్యాదు పడిపోవాలి.

మీరు జత చేసిన ఆ మెయిల్స్ కాపీలు చూశాను. పద్నాలుగింటిలో ఒక్కదానిలో కూడా ‘22 కూపన్లు వాడలేకపోయాను, వాటి డబ్బు ఇవ్వండి’ అని లేదు. అన్నీ ‘సిగ్గుచేటు’, ‘ఇక జన్మలో రాను’ లాంటి మాటలే. కోపంతో రాసిన మెయిల్ కోర్టులో బరువు తూగదు.

ఇప్పుడు మీ బావమరిది సలహా. వినకండి. ఆ పేమెంట్ మీ కార్డు మీద, మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీతో జరిగింది. ‘నేను చేయలేదు’ అని బ్యాంకుకి రాసిస్తే అది అబద్ధం. అబద్ధంతో డబ్బు రాబట్టబోవడం మోసం కిందికి వస్తుంది, భారతీయ న్యాయ సంహితలో (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 318 దానికోసమే ఉంది. అనధికార లావాదేవీల మీద ఆర్బీఐ 2017 జులైలో ఇచ్చిన ఆదేశాలు నిజంగా మోసపోయిన ఖాతాదారుల కోసం. అక్కడ కూడా ఎన్ని పనిదినాల్లో చెప్పారన్నది లెక్క, 23 నెలలు కాదు. సేవ అందలేదని నిజమే చెప్పి కార్డు వివాదం లేవనెత్తే దారి ఒకటి ఉండేది. దాని గడువు నెలల్లోనే ముగుస్తుంది, దాన్ని కూడా మరిచిపోండి.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. కమిషన్ ముందు మీరు వినియోగదారుడు కావాలంటే ‘డబ్బు నేనే కట్టాను’ అని చెప్పాలి. బ్యాంకు ముందు ‘నేను కట్టలేదు’ అని సంతకం పెట్టి ఉంటారు. ఆ కాగితం ఒక్కటి పార్కు లాయరు చేతికి చిక్కితే మీ ఫిర్యాదు అక్కడికక్కడే కూలిపోతుంది. అదే విధంగా, అమ్మగారికి ఆ రోజు తేదీతో ఇప్పుడు మెడికల్ సర్టిఫికెట్ తీసుకునే ఆలోచన ఉంటే అది కూడా మానుకోండి. కమిషన్ విచారణ న్యాయవిచారణే. అందులో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల దాకా జైలు ఉంది. ఆ మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లిన చీటీ నిజంగా ఉంటే పెట్టండి, లేకపోతే ఆ మాట వదిలేయండి.

సాక్ష్యాల సంగతి. ప్రకటన స్క్రీన్‌షాట్ తీసుకోలేదని రాశారు. ఇలాంటి కేసుల్లో జరిగే మొదటి పొరపాటే ఇది. డబ్బు కట్టే ముందు తీయరు, గొడవయ్యాక వెతికితే పేజీ ఉండదు. బుకింగ్ అయ్యాక వచ్చిన మెయిల్, టికెట్ పీడీఎఫ్, దాని వెనక చిన్న అక్షరాలు, ఎస్సెమ్మెస్ అన్నీ వెతకండి. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. ఆ ప్రకటనను బంధువులకో స్నేహితులకో వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి ఉంటారు, వాళ్ల ఫోన్లలో ఉండొచ్చు. ‘మరపురాని రుచుల పండగ’ వంటి మాటలు ఎన్ని దొరికినా ప్రయోజనం లేదు, అవి వ్యాపారి గొప్పలు. ‘ప్రత్యేక లైను’, ‘ఆరు టేస్టింగ్‌లు’ అని ఉన్న ఒక్క ముక్క దొరికితే చాలు. చిన్న అక్షరాల్లో ‘రద్దీని బట్టి’ అని ఉంటే దాచకుండా నాకు గానీ, మీరు పెట్టుకునే లాయరుకు గానీ ముందే చెప్పండి. అది ఎదుటివాళ్ల నోట మొదటిసారి వినడం అంత ఇబ్బంది ఇంకోటి లేదు.

వీడియోలు 11 ఉన్నాయన్నారు. వాటిలో పది జనాన్ని చూపిస్తాయి. జనం ఉన్నారని వాళ్లూ ఒప్పుకుంటారు. 8:40కి తీసిన వీడియోలో ఒక స్టాల్ ముందు ‘ఈ రోజుకు అయిపోయింది’ అన్న బోర్డు కనిపిస్తుందని రాశారు చూడండి, అది పైకి తీయండి. మీరు 4 గంటలకే మైదానంలో ఉన్నట్టు చూపే మొదటి ఫోటో కూడా కావాలి. ‘వీళ్లు రాత్రి ఏడింటి దాకా రైడ్లు ఎక్కి, చివర్లో వచ్చి కూపన్లు మిగిలాయంటున్నారు’ అనేదే వాళ్ల అసలు వాదన కాబోతోంది. మీరు నిజంగానే అలా చేసి ఉంటే కేసు చాలా పలచబడుతుంది, ఆలోచించుకోండి. ఫైళ్లను ఫోన్‌లో ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. వాట్సాప్‌లో పంపుకుంటే తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. కమిషన్ సాక్ష్యాల చట్టాన్ని కోర్టు అంత కచ్చితంగా పట్టుకోదు గానీ, భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ జత చేస్తే ఆ గొడవ రాదు.

‘నాన్ రిఫండబుల్’ చూసి భయపడనక్కర్లేదు. మీరు మనసు మార్చుకుని రాకపోతే ఆ షరతు వర్తిస్తుంది. వాళ్లు ఇస్తామన్నది ఇవ్వనప్పుడు దాని వెనక దాక్కోవడం కుదరదు. లోపమున్న సేవకు డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఇక్కడ కొత్త లాయర్లు కూడా పడే గుంట ఒకటుంది. ఆ షరతును ‘అన్యాయమైన ఒప్పందం’ అని సవాలు చేస్తూ రాయకండి. అన్యాయమైన ఒప్పందాల ఫిర్యాదు సెక్షన్ 47 కింద రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి, జిల్లా కమిషన్ వినదు. మీరు సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే రెండింటికే కట్టుబడండి.

స్టాళ్లు వేరేవాళ్లవి అని పార్కువాళ్లు అంటారు. అననివ్వండి. డబ్బు ఎవరి ఖాతాలో పడిందో, బిల్లు మీద ఏ కంపెనీ పేరుందో వాళ్లే మొదటి ప్రతివాది. గేటు మీది బోర్డు పేరు కాదు, బిల్లులోని పేరు రాయండి. టికెట్ మీద ‘ఫలానా ఊరి కోర్టులకే పరిధి’ అని ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేయడానికి గతంలో ఇ-దాఖిల్ ఉండేది, 2025 జనవరి నుంచి ఇ-జాగృతి పోర్టల్ వచ్చింది. ఇంట్లో కూర్చునే వేయొచ్చు. కుటుంబంలో పెద్దవాళ్లలో ఇద్దరితో అఫిడవిట్లు ఇప్పించండి, చూసినంత వరకే రాయాలి.

మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆ మాట నమ్మి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోకండి.

పది లక్షల సంగతి. ఇప్పుడు కమిషన్ పరిధి, ఫీజు మీరు కట్టిన సొమ్మును బట్టే, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. అందుకని పది లక్షలు అడిగినా ఫీజు పెరగదు. కానీ ఒక సాయంత్రం పాడైనందుకు పది లక్షలా అని సభ్యుల కనుబొమలు పైకి లేస్తాయి, ఆ తర్వాత మీ నిజమైన లెక్కను కూడా అనుమానంగానే చూస్తారు. వాడని 22 కూపన్ల విలువ, ప్రత్యేక లైను కోసం తీసుకున్న సొమ్ము, వాటి మీద వడ్డీ, సమంజసమైన పరిహారం, ఖర్చులు అడగండి. ప్యాకేజీలో కూపన్ ధర విడిగా లేకపోతే మొత్తాన్ని 30తో భాగించి 22తో గుణించి చూపండి. ఆ లెక్క ఫిర్యాదులోనే ఒక పేరాగా ఉండాలి.

మీతో పాటు నిలబడిన ఒక 40 మంది వాట్సాప్ గ్రూపు ఉందన్నారు. అందరూ కలిసి వేద్దామని ఇప్పుడు మీటింగులు పెట్టకండి, నెల అందులోనే అయిపోతుంది. ముందు మీది వేయండి, వాళ్లలో ఇద్దరు ముగ్గురు సాక్షులుగా అఫిడవిట్ ఇస్తే చాలు.

ఆఖరుగా, ఆ కూపన్లు నున్నటి థర్మల్ కాగితం మీద అచ్చు వేసినవి అయితే ఈపాటికి అక్షరాలు వెలిసిపోతూ ఉంటాయి. ఈ రోజే రెండు వైపులా ఫోటో తీసి, జిరాక్స్ తీయించి, అసలువి మడవకుండా కవరులో పెట్టండి. భద్రంగా ఉంటాయని లామినేషన్‌కి మాత్రం ఇవ్వకండి, ఆ వేడికి థర్మల్ కాగితం మొత్తం నల్లబడిపోతుంది.