ఏప్రిల్ 17 గురించి రాయాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. బ్రిటన్‌లో ఉంటూ అక్కడి రాజకీయాల గురించి తెలుగులో రాయాలనుకోవడం నాకు సంతోషం కలిగించింది, ఎందుకంటే ఆ దేశం గురించి మన పత్రికల్లో కనిపించేవి చాలావరకు వార్తా సంస్థలు పంపిన కథనాలకు తెలుగు సేతలే తప్ప అక్కడి వీధిలో నడిచినవారు రాసినవి కావు. కోవిడ్ నిబంధనలున్న రోజుల్లో ప్రధాని కార్యాలయంలోనే విందులు జరిగిన పార్టీగేట్ కుంభకోణాన్నీ, భర్త అంత్యక్రియల్లో ఒంటరిగా కూర్చున్న ఎలిజబెత్ రాణి ఫొటోనూ ముడిపెట్టి నువ్వు వ్యాసం నడిపావు. ఆ ముడి బలమైనదే. అయితే ఆ ఫొటో రచయిత చేయవలసిన పనంతా తానే చేసిపెడుతుంది, మనం ఆలోచించడం మానేస్తాం. ఈ ఉత్తరం పొడుగవడానికి కారణం అదే.

తేదీలూ వివరాలూ నువ్వు సరిగానే ఇచ్చావు. ప్రిన్స్ ఫిలిప్ 2021 ఏప్రిల్ 9న 99 ఏళ్ల వయసులో మరణించారు. 73 ఏళ్ల దాంపత్యం వారిది. 17న విండ్సర్‌లోని సెయింట్ జార్జ్ చాపెల్‌లో, కోవిడ్ నిబంధనల ప్రకారం 30 మందికి మించకుండా అంత్యక్రియలు జరిగాయి. దేశమంతా సంతాప దినాలు పాటిస్తున్న ఆ ముందు రాత్రే ప్రధాని ఇల్లూ కార్యాలయమూ ఉన్న డౌనింగ్ స్ట్రీట్‌లో సిబ్బంది రెండు వీడ్కోలు విందులు చేసుకున్నారు, సూట్‌కేసు తీసుకెళ్లి దగ్గరి దుకాణం నుంచి వైన్ తెచ్చుకున్నారు, తోటలో పిల్లవాడి ఉయ్యాల పాడుచేశారు, కొందరు తెల్లవారుజాము దాకా అక్కడే ఉన్నారు. ఇది 2022 జనవరిలో బయటపడితే, 14న ప్రధాని కార్యాలయం రాజప్రాసాదానికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

కానీ ఒక విషయం వదిలేశావు. ఆ రాత్రి ప్రధాని బోరిస్ జాన్సన్ అక్కడ లేరు. చెకర్స్‌లోని అధికారిక విడిదిలో ఉన్నారు. ఆయనకు పోలీసులు జరిమానా వేసింది 2020 జూన్ 19న జరిగిన తన పుట్టినరోజు సందడికి. ఇది చెబితే నీ వాక్యంలో వాడి తగ్గుతుందని అనుకున్నావేమో. తగ్గుతుంది, తగ్గనీ. అది తగ్గిన తరవాతే అసలు ప్రశ్న వస్తుంది: యజమాని ఇంట్లో లేని రాత్రి కూడా ఆ ఇంట్లో అలా నడిచిందంటే, ఉన్న రోజుల్లో ఆ ఇంటి అలవాటు ఎలాంటిదై ఉండాలి? ఈ విందుల మీద విచారణ జరిపిన ప్రభుత్వాధికారి స్యూ గ్రే 2022 మే 25న ఇచ్చిన నివేదిక కూడా ఈ సంస్కృతికి పై స్థాయి నాయకత్వమే, రాజకీయులూ అధికారులూ ఇద్దరూ, బాధ్యత వహించాలని చెప్పింది. ఆ నివేదిక పూర్తిగా చదువు. శుభ్రం చేసే సిబ్బందినీ, కాపలా సిబ్బందినీ చులకనగా చూసిన సందర్భాలు అందులో నమోదయ్యాయి; ఒక విందు మర్నాటి ఉదయం గది శుభ్రం చేయడానికి వచ్చిన మనిషికి గోడ మీదా, ఫొటోకాపీ కాగితాల పెట్టెల మీదా రెడ్ వైన్ ఒలికి కనిపించిందని ఉంది. రాణి కన్నీటి గురించి నువ్వు రాసిన పేరా మొత్తం తీసేసి ఆ గోడ గురించి నాలుగు వాక్యాలు రాసినా నేను ఒప్పుకుంటాను.

ఆ కన్నీటి పేరా తీసేయమనడానికి మరో కారణం కూడా ఉంది. రాణి మనసులో ఎంత క్షోభపడిందో, ప్రధానితో వారంవారం జరిగే సమావేశంలో ఆయన్ను ఎలా చూసి ఉంటుందో నువ్వు ఊహించి రాశావు. ఆ సమావేశాల్లో ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసి ఉంచరు, ఎవరూ బయట చెప్పరు. కథలో అయితే ఊహించు, వ్యాసంలో ఊహించకు. రాచరికం అక్కడ నిలబడిందే ఆ మౌనం మీద. 2019 ఆగస్టులో జాన్సన్ సలహా మీద ఆమె పార్లమెంటు సమావేశాలను నిలిపివేస్తే, సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పదకొండు మందీ ఏకగ్రీవంగా అది చట్టవిరుద్ధమన్నారు. అప్పుడూ ఆమె నోరు విప్పలేదు. 2022 సెప్టెంబర్ 6న బాల్మోరల్‌లో ఆయన రాజీనామా తీసుకుని, లిజ్ ట్రస్‌ను ప్రధానిగా నియమించి, రెండు రోజులకే కన్నుమూసింది. మంత్రిమండలి సలహాకు కట్టుబడిన రాష్ట్రపతిని చూసిన మన పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తది కాదు, రెండు ముక్కల్లో చెబితే చాలు.

పైగా ఆమెను ఒట్టి దుఃఖమూర్తిగా చూపితే ఇంకొక సంగతి మరుగున పడుతుంది. డౌనింగ్ స్ట్రీట్ క్షమాపణ చెప్పడానికి సరిగ్గా ముందు రోజు, అంటే జనవరి 13న, రాణి రెండో కొడుకు ఆండ్రూ సైనిక హోదాలనూ, వివిధ సంస్థలకు రాచ పోషకుడిగా ఉన్న హోదాలనూ వెనక్కి తీసుకున్నట్టు ప్రాసాదం ప్రకటించింది. ఆయన మీద అప్పుడు అమెరికాలో లైంగిక దాడి ఆరోపణతో సివిల్ దావా నడుస్తోంది. ఆయన ఆరోపణలను ఖండించారు, తప్పు ఒప్పుకోకుండానే ఫిబ్రవరిలో రాజీ చేసుకున్నారు. ఆ మార్చి 29న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో భర్త సంస్మరణ సభకు రాణి ఎవరి తోడుతో నడిచి వచ్చిందో తెలుసు కదా, ఆ కొడుకు తోడుతోనే. సంస్థ పెద్దగా ఒక నిర్ణయం, తల్లిగా ఇంకొక నిర్ణయం. ఆ కొడుక్కి మిగిలిన ప్రిన్స్ బిరుదు తీసేసే పని 2025 అక్టోబరులో అన్న చార్లెస్ చేయవలసి వచ్చింది. కుటుంబమే రాజ్యాంగ సంస్థ అయినచోట ఇంటి గుట్టుకూ ప్రజల హక్కుకూ మధ్య గీత ఎక్కడ గీయాలో నాకు ఇప్పటికీ స్పష్టంగా లేదు. నా మట్టుకు, ప్రభుత్వం తనకు క్షమాపణ చెప్పిన రోజునూ, తాను కొడుకు హోదాలు తీసేసిన రోజునూ పక్కపక్కన పెట్టి చూడటం చాపెల్ ఫొటో కంటే ఎక్కువ చెబుతుంది.

ఇక మీ అమ్మమ్మగారి సంగతి. “నేను కూడా అలాంటి నష్టాన్ని చవిచూశాను” అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ వాక్యంలో నాకేమీ కనబడలేదు. 2021 మే నెలలో ఆమె గుంటూరులో పోయినప్పుడు నువ్వు రాలేకపోయావని మీ అమ్మగారి ద్వారా విన్నాను. ఏప్రిల్ 23 నుంచి బ్రిటన్ మన దేశాన్ని రెడ్ లిస్టులో, అంటే కోవిడ్ వల్ల ప్రయాణాలపై కఠిన ఆంక్షలున్న దేశాల జాబితాలో, పెట్టింది. అప్పట్లో ఇక్కడికి వచ్చి తిరిగి వెళితే పది రోజులు హోటల్లో ఉండవలసి వచ్చేది, అందుకు 1,750 పౌండ్లు కట్టవలసి వచ్చేది. ఆ నిబంధన పెట్టిన ప్రభుత్వపు ప్రధానికీ, ఆర్థికమంత్రి రిషి సునాక్‌కూ పడిన జరిమానా చెరి 50 పౌండ్లు. ఈ రెండు అంకెలూ నీ చేతిలో ఉండగా “అధికార మదం”, “హృదయవిదారకం” వంటి మాటలు ఎందుకు వెతుక్కున్నావు? బ్రిటన్ ప్రజలకు కోపం వచ్చింది రాణి మీది భక్తితో మాత్రమే కాదు. చాపెల్ ఫొటో చూసిన ప్రతి ఇంటివారికీ తాము వెళ్లలేకపోయిన అంత్యక్రియలు గుర్తొచ్చాయి. ఆ ఇళ్లలో నీదీ ఒకటి, అందుకే ఈ వ్యాసం రాసే అధికారం నీకుంది. అయితే మీ ఇంటి దుఃఖం రాణి దుఃఖం కంటే పెద్దదని నిరూపించడానికి మాత్రం పూనుకోకు. అలాంటి పోటీ పెట్టిన మరుక్షణం పాఠకుడు నిన్ను అనుమానిస్తాడు.

మీ మామయ్యకు ఫోన్ చేసి అడుగు. ఆ రోజు వీడియో కాల్ ఎవరు పట్టుకున్నారు, తలకొరివి ఎవరు పెట్టారు, శ్మశానంలో ఎందరిని రానిచ్చారు, పెద్దకర్మ ఎక్కడ చేశారు, భోజనాలకు ఎవరిని పిలిచారు, ఎవరిని వద్దనుకున్నారు. ఆయన చెప్పినవి చెప్పినట్టు రాసుకో. అప్పుడు నువ్వున్న గదిలో టైమెంతయిందో కూడా రాయి. కుటుంబ విషయం కాబట్టి అచ్చుకు ఇచ్చేముందు మీ అమ్మగారికి చూపించు. ఆమె వద్దన్న వివరం ఉంటే తీసెయ్యి, వాదించకు. కొత్త ప్రతి వచ్చే నెలాఖరులోగా పంపితే సంక్రాంతి సంచికకు పరిశీలించమని సంపాదకుడితో మాట్లాడగలను. శీర్షిక సంగతి తరవాత చూద్దాం.

నీ శ్రేయోభిలాషి