నాన్నకి యాంజియోగ్రామ్ అన్నారు, సీటీ స్కాన్‌తో సరిపోదా?

నాన్నగారికి 59, షుగర్ ఉంది, నడిస్తే ఛాతీ పట్టేస్తోంది, ఈసీజీ ఎకో నార్మల్ గానీ టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) పాజిటివ్, డాక్టర్ యాంజియోగ్రామ్ అన్నారు, దాని బదులు సీటీ యాంజియో చేయించొచ్చా అని కదా మీ ప్రశ్న. మూడేళ్ళ కిందట మా ఇంట్లో అచ్చం ఇదే జరిగిందండి, అందుకే రాస్తున్నా.

ముందుగా, ఈసీజీ బాగుందని ధైర్యపడిపోకండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో బ్లాక్ ఉన్నా కనపడకపోవచ్చు, గుండెకి పని పెరిగినప్పుడే కదా రక్తం చాలక నొప్పొచ్చేది. మా నాన్న మెట్లెక్కితే వచ్చే బరువుని గ్యాస్ అనుకుని నాలుగు నెలలు ఈనో తాగుతూ గడిపేశారు, ఇప్పటికీ తల్చుకుంటే భయమేస్తుంది.

యాంజియోగ్రామ్‌కి గుండె దాకా గొట్టం పంపుతారంటే మేమూ భయపడి సీటీకే వెళ్ళాం. గుండె వేగం 60 దగ్గరికి తగ్గాలని మాత్ర ఇచ్చి గంట కూర్చోబెట్టారు, చేతి నరంలోంచి డై (నాళాలు స్కాన్‌లో కనపడేలా చేసే మందు) ఎక్కించి ఊపిరి బిగబట్టమన్నారు, స్కాన్ ఇట్టే అయిపోయింది. తీరా రిపోర్ట్ చూస్తే కాల్షియం స్కోర్ (గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియం లెక్క) 900 పైన, అంటే చాలా ఎక్కువ, ఎల్ఏడీలో (గుండె ముందువైపు పెద్ద నాళం) కాల్షియం అడ్డొచ్చి బ్లాక్ ఎంతుందో చెప్పలేం అని రాశారు. ఇక మామూలు యాంజియోగ్రామ్ తప్పలేదు, డై రెండుసార్లు ఎక్కించాల్సొచ్చింది, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.4 ఉన్న మనిషికి అది మంచిది కాదు కాబట్టి మధ్యలో పది రోజులు ఆగాం, ఆ పది రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అదే మా బావకి 41 ఏళ్ళు, షుగర్ బీపీ లేవు, ఎప్పుడో ఒకసారి పొడిచినట్టు నొప్పి, ఆయనకి సీటీలో నాళాలు శుభ్రంగా ఉన్నాయని తేలి అక్కడితో సరిపోయింది. అనుమానం తక్కువున్న వాళ్ళకి జబ్బు లేదని తేల్చడానికి సీటీ చాలా బాగుంటుంది, మీరు రాసిన లక్షణాలకి మాత్రం నేనైతే డాక్టర్ మాటే వింటా.

యాంజియోగ్రామ్ మీరు అనుకున్నంత భయంకరం కాదు. మణికట్టు దగ్గర మత్తు ఇంజెక్షన్, మనిషి మెలకువగానే ఉంటారు, సన్న గొట్టం పంపి డై వదులుతూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, నాన్నకి 20 నిమిషాలు పట్టింది. పెద్ద ప్రమాదాలు వందలో ఒకరికి కూడా రావు. క్రియాటినిన్ ముందే చూపించండి, మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆపాలా అని అడగండి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. యాంజియోగ్రామ్ అంటే చూడటం, యాంజియోప్లాస్టీ అంటే స్టెంట్ వెయ్యడం, మనవాళ్ళు రెండిటినీ యాంజియో అనేస్తారు. నాన్న ఇంకా టేబుల్ మీద ఉండగానే నన్ను పిలిచి స్క్రీన్ చూపించి, ఎల్ఏడీలో 80, ఆర్‌సీఏలో (కుడివైపు నాళం) 60 శాతం బ్లాక్, రెండు స్టెంట్లు, వెంటనే సంతకం పెట్టండి అన్నారు, ఆ టైములో బుర్ర పనిచెయ్యదండి. మా చుట్టాల్లో ఒక నర్సు ముందురోజు చెప్పి ఉండబట్టి, రెండోదానికి ప్రెషర్ వైర్ (బ్లాక్ ముందున్న ఒత్తిడిలో బ్లాక్ దాటాక ఎంత వంతు మిగిలిందో కొలిచే సన్న తీగ) పెట్టి చూస్తారా అని అడిగాను. చూస్తే 0.86 వచ్చింది, 0.80 కంటే ఎక్కువుంటే మామూలుగా స్టెంట్ అక్కర్లేదు, అలా ఒక్కటే వేశారు, రెండోది మందులతోనే నడుస్తోంది.

కాబట్టి మీ డాక్టర్‌తో ముందురోజే కూర్చుని, బ్లాక్ కనపడితే అప్పుడే వేస్తారా, ఆగి మాట్లాడి వేస్తారా అని అడగండి. యాంజియోగ్రామ్ సీడీ కూడా తీసుకోండి, ఇంకో డాక్టర్‌కి చూపించాలంటే ఉత్త రిపోర్ట్ చాలదు. ఈలోగా కూర్చునున్నప్పుడు కూడా నొప్పొచ్చి తగ్గకపోతే, చెమటలు పడితే, అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిపోండి.