మొన పైకి తేలే బాస్ ఫ్లై: అల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య దీవెనలు. ఫోన్లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక ఇలా రాస్తున్నాను. బాస్ చేపల కోసం నువ్వు కట్టిన ఫ్లై (హుక్ మీద ఈకలు, వెంట్రుకలు కట్టి చేసే ఎర) నీళ్లలో పడగానే ఒకసారి మొన పైకి, ఇంకోసారి పక్కకి తిరుగుతోందనీ, కిందికి తిరిగినప్పుడల్లా తామరాకు అంచుకి గుచ్చుకుంటోందనీ అన్నావు. నీ కట్టులో బిగువు లేక కాదు. బరువు ఎక్కడుండాలి, తేలేది ఎక్కడుండాలి అన్న లెక్క ముందు వేసుకుని ఆ తర్వాత దారం పట్టుకోవాలి.

హుక్‌ని దాని మానాన నీళ్లలో వదిలితే వంపూ మొనా కిందికే వేలాడతాయి. బరువంతా అక్కడే ఉంది కదా. దాన్ని తలకిందులుగా నిలబెట్టాలంటే తేలే పదార్థం మొన ఉన్న వైపు ఉండాలి, బరువు కాడకి (హుక్‌లో తిన్నగా ఉండే భాగానికి) బయటి వైపు, అంటే మొనకి ఎదురు వైపు ఉండాలి. ఎటు తోసినా లేచి నిలబడే బొమ్మ అడుగున బరువు ఎందుకు పెడతారో ఇక్కడా అందుకే. క్లౌజర్ మిన్నో అనే ఫ్లై నువ్వు చూసే ఉంటావు. 1980ల్లో బాబ్ క్లౌజర్ అమెరికాలోని సస్క్వెహన్నా నదిలో స్మాల్‌మౌత్ బాస్ కోసం తయారుచేశాడు. కాడ మీద డంబెల్ ఆకారంలో బరువైన కళ్లు కడతారు, హుక్ తిరగబడి మొన పైకి వస్తుంది. కానీ అది మునిగే ఫ్లై. మనకి కావలసింది తేలేది. అంత బరువు పెడితే మనది అడుగుకి పోతుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మొన వైపు ఫోమ్ పెట్టావంటే మొనకీ కాడకీ మధ్య ఉన్న సందు పూడిపోతుంది. చేప పెదవి ఇరుక్కోవాల్సిన చోటు అదే. చాలామంది కట్టే ఫ్లైలు బేసిన్‌లో ముచ్చటగా తేలతాయి, బాస్ మింగినా ఊడి వచ్చేస్తాయి, కారణం ఈ సందే. అందుకని తేలే పదార్థాన్ని మొత్తం ముందు మూడో వంతులోకి, అంటే కన్ను (గాలపు దారం కట్టే రంధ్రం) దగ్గరికి జరిపెయ్. వెనక రెండు వంతుల్లో సందు ఖాళీగా ఉండాలి. ఇంత సాగదీసి రాస్తున్నది ప్రధానంగా ఈ ఒక్క సంగతి నీ చేతికి అలవాటు కావాలనే.

హుక్ విషయానికొస్తే సందు వెడల్పుగా ఉన్న స్టింగర్ రకం తీసుకో. నెంబరు 2 నుంచి 1/0 వరకు సరిపోతుంది. కాడ మరీ పొట్టిగా ఉన్నది వద్దు, తలకీ మొనకీ మధ్య ఎడం ఉండాలి. కన్నుకి వెనక, కాడ పొడవులో పావు వంతు దగ్గర ప్లయర్‌తో పట్టుకుని కన్నుని మొన వైపుకి కొద్దిగా వంచు. పది, మహా అయితే పదిహేను డిగ్రీలు. దీన్నే బెండ్‌బ్యాక్ అంటారు. ఇలా వంచితే గాలపు దారం లాగే గీత కంటే కాడ కిందికి దిగి, పడవకి అడుగుచెక్కలా పనిచేస్తుంది. ఎక్కువ వంచితే మొన ఆ గీత చాటుకి పోతుంది, చేపకి గుచ్చుకోదు. కన్ను దగ్గర స్కేలు ఆనించి కాడకి సమాంతరంగా వెనక్కి చూడు, మొన ఆ అంచుకి బాగా పైన కనిపించాలి. గట్టి ఉక్కు హుక్‌లు వంచేటప్పుడు పుటుక్కున విరగొచ్చు, కళ్లద్దాలు పెట్టుకో.

ఇక బరువు. తీగని కాడ చుట్టూ చుట్టకు. చుడితే సగం బరువు పైవైపు కూడా పడుతుంది. కాడ బయటి వైపున, పొడవునా పడుకోబెట్టి కట్టు. ముందు కాడ మీద దారంతో ఒక వరస పరుచు, జారకుండా ఉంటుంది. ముప్పావు మిల్లీమీటరు మందం తీగ ముక్కని కాడ పొడవులో సగానికి కత్తిరించి, దాని రెండు కొసలనీ ప్లయర్‌తో నొక్కి చదును చెయ్. కాడ మధ్య నుంచి వంపు వైపుకి ఆనించి, ముందు నాలుగు చుట్లు వదులుగా వేసి, గోటితో తీగని నిటారుగా సరిచేసి, అప్పుడు బిగించు. దారం అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు అడ్డంగా దాటుతూ పోవాలి. ఒక్క చుక్క సూపర్ గ్లూ. ఆరేదాకా ముట్టుకోకు. తీగ వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఫ్లై ఒరిగిపోతుంది, కాబట్టి కన్ను వైపు నుంచి చూసి, అది కాడకి సరిగ్గా నడిమధ్యన ఉందని నమ్మకం కుదిరాకే ముందుకి వెళ్లు. ఈ తీగకి సీసం వాడడం చాలాచోట్ల నిషేధం, మంచిదే. తగరంతో చేసిన తీగ వాడితే ఒక సంగతి గుర్తుంచుకో: సీసం సాంద్రత నీటికి 11.3 రెట్లు, తగరానిది 7.3 రెట్లు. అదే బరువు రావాలంటే ఒకటిన్నర రెట్లు తీగ పడుతుంది.

తోక సన్నగా, పొట్టిగా ఉంచు. నాలుగు కోడి ఈకలు రెండేసి చొప్పున బయటికి విచ్చుకునేలా కడితే చాలు. పొడుగు తోక వంపుకి చుట్టుకుని మొనని కప్పేస్తుంది, నీళ్లు పీల్చి వెనక భాగాన్ని ఈడుస్తుంది. కాడ మీద ఒంటికి ఏదైనా మెరుపు దారం చుట్టుకో, దాని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు హుక్‌ని వైస్ (కట్టేటప్పుడు హుక్‌ని బిగించి పట్టే పరికరం) లోంచి తీసి తలకిందులుగా బిగించు. ఇకమీదట చేసే పనంతా మొన పైకి ఉండగానే చెయ్యాలి, నీళ్లలో అది ఉండబోయేది అలాగే కాబట్టి. తల కట్టబోయే చోటికి వెనక బక్‌టెయిల్ (జింక తోక) వెంట్రుకల పల్చటి కుచ్చు మొన వైపు కట్టు. అవి వెనక్కి వాలి మొన మీదుగా పోవాలి. గడ్డి నుంచి మొనని కాపాడేది ఈ కుచ్చే. బక్‌టెయిల్‌లో మొదలు దగ్గరి వెంట్రుకలు బోలుగా ఉంటాయి, బిగించగానే విచ్చుకుని నిక్కుతాయి. కొస దగ్గరివి గట్టిగా, తిన్నగా ఉంటాయి. మధ్య భాగంలోవి తీసుకో. కుచ్చు దట్టంగా ఉంటే గడ్డిని మాత్రమే కాదు, చేపని కూడా ఆపేస్తుంది. వేలితో నొక్కితే వెంటనే వంగి మొన వేలికి తగలాలి. ఈ కుచ్చు వల్ల ఇంకో లాభముంది: గాలిలో పైవైపు ఈడ్పు ఎక్కువై, ఫ్లై చాలావరకు కాడ కిందికి ఉండేలాగే నీళ్ల మీద వాలుతుంది.

తలకి 2 మిల్లీమీటర్ల ఫోమ్ మూడు పొరలు అతికించి ముక్క కోసుకో. అడుగున చిన్న గాటు పెట్టి, మొన వైపు నుంచి కాడ మీదికి దింపి, గ్లూ రాసి దారంతో రెండు చోట్ల కట్టు. కాడకి బయటి వైపు ఫోమ్ రవ్వ కూడా మిగలకూడదు, బ్లేడుతో గీకెయ్. ముందు మొహాన్ని ఏటవాలుగా కోయడంలో జాగ్రత్త: పై అంచు ముందుకి, కింది అంచు వెనక్కి ఉండాలి. అప్పుడు లాగినప్పుడు తల లేచి ఆకు మీదికి ఎక్కుతుంది. తిరగేసి కోస్తే డాల్బర్గ్ డైవర్ అనే ఫ్లై లాగా నీళ్లలోకి దూరుతుంది. అది మంచి ఫ్లైయే, కానీ మనకి ఇక్కడ పనికిరాదు. ఫోమ్‌ని కన్ను దాటి ముందుకి కాస్త పెదవిలా వదిలితే జాక్ గార్ట్‌సైడ్ తయారుచేసిన గర్గ్లర్ అనే ఫ్లైలా గుడగుడమని చప్పుడు కూడా చేస్తుంది. రబ్బరు కాళ్లు తలకి అటూ ఇటూ, కాస్త పై ఎత్తున కట్టు.

జింక వెంట్రుకలతో తల చేయకూడదా అని అడిగావు. చెయ్యొచ్చు. ఆ వెంట్రుకలు లోపల బోలు కాబట్టి దారం బిగించగానే విచ్చుకుంటాయి, బాగా తేలతాయి. 200 డెనియర్ (దారం లావు కొలత) జెల్‌స్పన్ అనే గట్టి దారం అయితే లాగినా తేలిగ్గా తెగదు. చేప నోట్లో ఆ మెత్తదనం నాకు ఇష్టం. అయితే గంటసేపు విసిరేసరికి నీళ్లు పట్టి బరువెక్కుతుంది, అప్పుడు నువ్వు వేసుకున్న లెక్కంతా మారిపోతుంది. ఆకుల మధ్యకి ఫోమ్ తీసుకెళ్లు. జింక వెంట్రుకలు ఆకుల అంచున ఉన్న ఖాళీ నీళ్లకి ఉంచుకో.

రంగుల మీద టెన్షన్ పడకు. బాస్ కింది నుంచి చూస్తుంది, దానికి కనిపించేది కాడ వైపు మాత్రమే. ఆ వైపు లేత రంగు, సందె వేళకి నలుపు. ఫోమ్ పైన నారింజ రంగు చుక్క పెట్టుకో, అది నీ కళ్ల కోసం.

కట్టడం అయ్యాక బకెట్‌లో వేసి చూడందే పెట్టెలో పెట్టకు. మొన కిందికి, పక్కకి, తల కిందికి, అన్ని రకాలుగా వదిలిపెట్టు. ప్రతిసారీ తనంతట తనే తిరిగి మొన పైకి రావాలి. ఆ తర్వాత పది నిమిషాలు నానబెట్టి మళ్లీ చూడు. ఈ రెండో పరీక్ష చాలామంది చెయ్యరు. పొడిగా ఉన్నప్పుడు నెగ్గి, తడిసి ఓడిపోయే ఫ్లైలు చాలా ఉంటాయి. తోక కాస్త దిగి, తల పైకి నిలిస్తే సరైన వాలు. తల కూడా మునుగుతుంటే తీగ తగ్గించు. నిలబెట్టినప్పుడు బాగుండి, లాగినప్పుడు మాత్రం తిరగబడుతుంటే ఫోమ్ వంకరగా అతికిందని అర్థం. దాన్ని సరిచేసే ప్రయత్నం మానుకుని కోసి తీసెయ్, కొత్తది పెట్టు.

ఈ ఫ్లై తామరాకులూ కలువాకులూ ఉన్నచోట నిజంగా రాణిస్తుంది. ఆకుమీద కాడ జారుతూ పోయి, అంచు దగ్గర మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. సాధారణంగా బాస్ కొట్టేది అక్కడే. జమ్ము, తుంగ లాంటి నిలువు కాడల మధ్య మాత్రం మొన పక్కనుంచి తగులుకుంటుంది. అలాంటి చోటికి తల వెనక నుంచి మొన ముందుకి వచ్చేలా అర మిల్లీమీటరు నైలాన్ మోనో ముక్క ఒకటి కట్టు. కొస మొనకి కొంచెం పైదాకా వస్తే చాలు. దారాల్లాంటి పచ్చ నాచులో ఏ ఫ్లై అయినా ముద్దవుతుంది, అక్కడ వేయకు.

కన్నుకి బిగుతు ముడి వేస్తే ఫ్లై స్వేచ్ఛగా తిరగలేదు, ఉచ్చు వదిలే లూప్ ముడి వెయ్. లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం) 15 నుంచి 20 పౌండ్ల నైలాన్. ఫ్లోరోకార్బన్ దారం మునుగుతుంది, ఫ్లై మూతిని కిందికి లాగుతుంది. చేప కొట్టగానే కర్ర పైకి ఎత్తడం నీకు అలవాటు, అది మానుకోవాలి. కర్ర మొన నీళ్ల వైపే ఉంచి, చేతిలోని లైన్ బరువెక్కిందాకా ఆగి, అప్పుడు చేత్తోనే గట్టిగా వెనక్కి లాగు. మన హుక్ పైదవడకి గుచ్చుకోవాలి, అక్కడ ఎముక గట్టిది. అందుకే మొనని బొటనవేలి గోరు మీద ఆనించి చూడమంటాను: జారితే ఆకురాయి పట్టు, పట్టుకుంటే సరే. బార్బ్‌ని (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని) ప్లయర్‌తో నొక్కెయ్, తేలిగ్గా దిగుతుంది, చేపని వదిలేటప్పుడు దాని నోరూ చిరగదు.

ఈసారి కట్టింది బకెట్‌లో తేలుతుండగా పక్కనుంచి, నీటి మట్టానికి సమంగా ఫోన్ పెట్టి ఒక ఫొటో తీసి పంపు. నీటి గీత తల మీద ఎక్కడ ఉందో చూసి తీగ ఎంత ఉంచాలో చెప్తాను.

ఇట్లు,
మీ మామయ్య